230 గుర్రాల సెడాన్‌ను మార్చేటప్పుడు బలం చూడాలా, నమ్మకం చూడాలా?

ప్రశ్న: మాది కొంపల్లి. ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో. 2018లో కొత్తగా కొన్న స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 230 నా దగ్గర ఉంది. ఇప్పటికి 96 వేల కిలోమీటర్లు తిరిగింది. ఈ ఏడాది కాలంలో రెండుసార్లు దారిలో ఆగింది. ఒకసారి ఔటర్ రింగ్ రోడ్డు మీద సుల్తాన్‌పూర్ దగ్గర ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, కూలెంట్, అంతా కారిపోయింది. మరోసారి గేర్‌బాక్స్ హెచ్చరిక వెలిగి, ఒకే గేరులో ఇరుక్కుపోయింది. రెండోసారి విడిభాగం రావడానికి మూడు వారాలు పట్టింది. మా నాన్నగారికి వారానికి మూడు రోజులు సికింద్రాబాద్‌లో డయాలసిస్ చేయించాలి. అపార్ట్‌మెంట్‌లో మాకు ఒకటే పార్కింగ్ ఉంది. కారును ఎక్స్ఛేంజ్‌కి ఇస్తే తొమ్మిదిన్నర లక్షలు ఇస్తామంటున్నారు. అన్నీ కలిపి 60 లక్షల దాకా పెట్టగలను. 2023 నాటి బీఎండబ్ల్యూ ఎం340ఐ ఒకటి చూశాను, మనసంతా దాని మీదే ఉంది. ఇంట్లోవాళ్లు కొత్త టొయోటా క్యామ్రీ హైబ్రిడ్ తీసుకోమంటున్నారు. ఇన్నేళ్లు బలమైన కారు నడిపినవాడిని చప్పటి కారుకు అలవాటు పడగలనా? నమ్మకం కోసం బలాన్ని వదులుకోవలసిందేనా?
— ఒక పాఠకుడు, కొంపల్లి

జవాబు: మీ ఉత్తరం చదివాక నా అభిప్రాయం ముందే చెప్పి, కారణాలు తర్వాత వివరిస్తాను. మీ ఇంటి పరిస్థితిలో ఎం340ఐ వద్దు. కొత్త క్యామ్రీకి 60 లక్షలు పోయడం కూడా అవసరం లేదు. 2021 ఆగస్టు తర్వాత అమ్ముడై, ఒకే యజమాని చేతిలో, కంపెనీ సర్వీసులోనే నడిచిన పాత క్యామ్రీ హైబ్రిడ్‌ను వెతికి తీసుకోండి. మిగిలిన డబ్బును ముట్టుకోకుండా పక్కన పెట్టండి. మీరు అడిగినది రెండు కార్ల మధ్య ఎంపిక, నేను మూడోదాన్ని చూపిస్తున్నాను కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి.

మొదట బలం సంగతి. మీ ఆక్టేవియా పేరులో ఉన్న 230 దాని హార్స్‌పవర్. 2024 డిసెంబరులో 48 లక్షల ఎక్స్‌షోరూమ్ ధరతో మన దేశానికి వచ్చిన కొత్త క్యామ్రీలో పెట్రోల్ ఇంజినూ ఎలక్ట్రిక్ మోటార్లూ కలిసి ఇచ్చే శక్తి కూడా 230 హార్స్‌పవరే. అంతకు ముందు తరం క్యామ్రీది 218. అంటే కాగితం మీద మీరు వదులుకుంటున్నది దాదాపు ఏమీ లేదు. అయినా ఆ కారు చప్పగా ఉంటుందని మీకు అనిపిస్తోంది, అందులో నిజం ఉంది కూడా. క్యామ్రీ టన్నున్నర దాటిన బరువున్న కారు, ఆక్టేవియా దానికంటే తేలిక. ఆక్టేవియాలో ఇంజిన్ నిమిషానికి 1,500 చుట్లు తిరిగే దగ్గరి నుంచే 350 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే చక్రాలను తిప్పే లాగుడు, అందుతుంది, డీఎస్‌జీ అనే డబుల్ క్లచ్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ గేరు మార్చినప్పుడల్లా వీపును సీటుకు అదుముతుంది, స్టీరింగ్ తిప్పిన వెంటనే ముక్కు తిరుగుతుంది. క్యామ్రీలో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంజిన్ శబ్దం ఒక్కసారిగా పైకి లేచి అక్కడే నిలబడుతుంది, వేగం మాత్రం తన పద్ధతిలో సాఫీగా పెరుగుతూ పోతుంది. కాబట్టి మీరు పోతుందేమోనని భయపడుతున్నది బలం కాదు, కారు మీ చేతికీ కాలికీ ఇచ్చే స్పందన. ఈ రెండింటినీ విడదీసి చూడనంతకాలం మీ ప్రశ్నకు జవాబు దొరకదు, ఎందుకంటే స్పందన కోసం వెతుకుతూ మీరు 374 హార్స్‌పవర్ ఎం340ఐ దగ్గరికి వెళ్తున్నారు.

ఆ బలంలో మీరు వాడుకునేది ఎంతో కూడా చూద్దాం. చదునైన రోడ్డు మీద ఒక మధ్యస్థాయి సెడాన్ గంటకు 100 కిలోమీటర్ల వేగంతో నిలకడగా పోవడానికి సుమారు 20 హార్స్‌పవర్ చాలు, 120కి దాదాపు 30 కావాలి. ఔటర్ మీద గరిష్ఠ పరిమితిని 2023లో 100 నుంచి 120కి పెంచారు, నాలుగు వరుసల జాతీయ రహదారుల మీద కార్లకు అది 100. మీరు రోజూ మేడ్చల్ దగ్గర ఔటర్ ఎక్కి, దుండిగల్, సుల్తాన్‌పూర్, పటాన్‌చెరు మీదుగా నానక్‌రామ్‌గూడలో దిగుతారనుకుంటే, ఆ దారి పొడవునా మీ 230లో ఏడో వంతు పని చేస్తోంది. మిగతాది అక్కరకు వచ్చేది ర్యాంపు మీదినుంచి ఔటర్‌లోకి చేరేటప్పుడు, లారీని దాటేటప్పుడు. అలాంటి సమయంలో 60 నుంచి 100కి ఎంత త్వరగా చేరతామన్నది నిజంగా ప్రాణానికి సంబంధించిన విషయం, దాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. అయితే ఆ పనికి 218 హార్స్‌పవర్ ధారాళంగా సరిపోతుంది. అందులోనూ ఎలక్ట్రిక్ మోటారుకు టర్బో పుంజుకునే దాకా ఆగవలసిన పని లేదు, తొక్కిన క్షణానే లాగుతుంది. 374 హార్స్‌పవర్ మీకు కొత్తగా ఇచ్చేది, చట్టం ఒప్పుకునే వేగానికి ఇంకో రెండు మూడు సెకన్ల ముందు చేరడం మాత్రమే. ఆ సెకన్లలో ఆనందం లేదని నేను అనను. దాని ఖరీదు మీ ఇంట్లో ఎవరు కడతారన్నదే నా ప్రశ్న.

ఇక నమ్మకం. కారు ఎన్నిసార్లు చెడుతుందన్నది ఇందులో ఒక భాగం, చెడ్డాక ఎన్ని రోజులు షెడ్డులో పడి ఉంటుందన్నది రెండో భాగం. కొనేటప్పుడు అందరూ మొదటిదాన్నే అడుగుతారు. మీ విషయంలో దెబ్బ కొట్టింది రెండోది. సుల్తాన్‌పూర్ దగ్గర ఆగినప్పుడు మీకు ఒక పూట పోయి ఉంటుంది. గేర్‌బాక్స్ మొరాయించినప్పుడు మూడు వారాలు పోయాయి. మూడు వారాలంటే మీ నాన్నగారికి తొమ్మిది డయాలసిస్ ప్రయాణాలు. తెల్లవారుజామున క్యాబ్ దొరకడం ఒక ఎత్తు, నాలుగు గంటలు యంత్రానికి కట్టుబడి, బీపీ పడిపోయి, కాళ్లు వణుకుతున్న పెద్దమనిషిని ఆసుపత్రి గుమ్మం దగ్గర నిలబెట్టి క్యాబ్ కోసం ఎదురుచూడడం ఇంకో ఎత్తు. ఒకటే పార్కింగ్, ఒకటే కారు ఉన్న ఇంట్లో ఆ కారు ఆగిందంటే ఎవరు ఇబ్బంది పడతారన్నదే అన్నిటికంటే ముందు వేసుకోవలసిన లెక్క. మీ ఇంట్లో ఆ ఇబ్బంది మీది కాదు, ఆయనది.

మీ ఆక్టేవియా చెడ్డ కారని మాత్రం అనుకోకండి. దానిలోని ఇఏ888 మూడో తరం ఇంజిన్ గట్టిదే. కాకపోతే కూలెంట్‌ను తిప్పే వాటర్ పంపు, దాని వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ కలిసి ఉండే ప్లాస్టిక్ డబ్బా, అంటే హౌసింగ్, ఆ ఇంజిన్ కుటుంబంలో పేరుమోసిన బలహీనత. వేడికీ చల్లదనానికీ ఏళ్ల తరబడి గురై ప్లాస్టిక్ వంకరపోతుంది, సీలు దగ్గర కూలెంట్ చెమ్మగిల్లుతుంది, కొన్నాళ్లకు కారిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లో, సుచిత్ర చౌరస్తా నుంచి బోయినపల్లి దాకా అడుగడుక్కీ ఆగుతూ పోయే కారులో ఇది కాస్త ముందే జరిగినా ఆశ్చర్యం లేదు. బయటపడే ముందే దీన్ని పట్టుకోవచ్చు కూడా. ఇంజిన్ పూర్తిగా చల్లారిన ఉదయం బానెట్ ఎత్తి, సెల్‌ఫోన్ లైటు వేసి ఇంజిన్‌లోకి గాలి తీసుకెళ్లే ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింది భాగం చూడండి, ఎండిపోయిన కూలెంట్ గులాబీ రంగు పొక్కులాగా అంటుకుని కనిపిస్తుంది. వేలితో గీకితే పొడిగా రాలుతుంది. కూలెంట్ డబ్బాలో మట్టం నెలనెలా ఒక గీత దిగుతోందంటే అది ఆవిరై పోవడం లేదు, ఎక్కడో కారుతోందని అర్థం. గేర్‌బాక్స్ విషయానికి వస్తే, మీ కారులోని ఆరు గేర్ల డీఎస్‌జీ నూనెలో మునిగి పనిచేసే క్లచ్‌లు గలది, దాని నూనెనూ ఫిల్టరునూ 60 వేల కిలోమీటర్లకోసారి మార్చాలి. మీ సర్వీసు బిల్లుల్లో 60 వేల దగ్గర ఆ మార్పు జరిగిందో లేదో ఈరోజే చూడండి. జరగకపోతే, ఆ గేర్‌బాక్స్ మొరాయించినందుకు కారును తప్పుపట్టలేం.

ఇదంతా చెప్పడానికి ఒక కారణం ఉంది. పక్క బ్లాకులోనో, ఎదుటి ఇంట్లోనో రెండో పార్కింగ్ అద్దెకు దొరికే వీలుంటే నా సలహా మారిపోతుంది. అప్పుడు ఆక్టేవియాను అమ్మకండి. ఇప్పటికే హౌసింగ్ మారింది, గేర్‌బాక్స్ బాగుపడింది, ఖర్చు పెట్టవలసినదంతా పెట్టేశారు. దాన్ని తొమ్మిదిన్నర లక్షలకు వేరేవాళ్ల చేతిలో పెట్టి, ఆ మరమ్మతుల ఫలితం వాళ్లు అనుభవిస్తుంటే చూడడం అన్యాయం. దానిని మీ కోసం ఉంచుకుని, నాన్నగారి కోసం సాదాసీదా ఆటోమేటిక్ కారు ఒకటి తీసుకుంటే, 60 లక్షల్లో మూడో వంతు కూడా ఖర్చు కాదు. ఈ మార్గాన్ని ముందు గట్టిగా ప్రయత్నించి చూడండి. దొరకకపోతేనే తర్వాతి మాట.

ఎం340ఐ గురించి న్యాయంగా మాట్లాడాలి, ఎందుకంటే జర్మన్ కారు అనగానే ఇంజిన్ పోతుందని భయపెట్టేవాళ్లు మనకు ఎక్కువ. అందులోని బీ58 ఆరు సిలిండర్ల ఇంజిన్ 2015 నుంచి వాడుకలో ఉంది, ఈ కాలపు టర్బో పెట్రోల్ ఇంజిన్లలో గట్టివాటిలో ఒకటిగా మెకానిక్‌లు కూడా ఒప్పుకుంటారు. ఎనిమిది గేర్ల జెడ్‌ఎఫ్ ఆటోమేటిక్, ఇంజిన్ శక్తిని నూనె ద్వారా గేర్లకు అందించే టార్క్ కన్వర్టర్ రకం, ట్రాఫిక్‌లో డబుల్ క్లచ్ గేర్‌బాక్స్‌ల కంటే ఓపిక ఎక్కువ. దాని నూనె జీవితాంతం మార్చనక్కర్లేదని చెప్పేవాళ్లుంటారు, కానీ తయారుచేసిన జెడ్‌ఎఫ్ సంస్థే 80 వేల నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. కనుక ఇంజిన్ గురించీ గేర్‌బాక్స్ గురించీ నాకు బెంగ లేదు. బెంగంతా వాటి చుట్టూ ఉన్న వాటి గురించి. నాలుగు చక్రాలకూ శక్తి పంపే కారు కాబట్టి నాలుగు టైర్ల అరుగుదల ఒకేలా ఉండాలి. పక్కగోడ పొట్టిగా ఉండే లో ప్రొఫైల్ టైరు ఒకటి వానాకాలం గుంతలో పక్కగోడ చీలితే ఒక్కదాన్ని మార్చి ఊరుకోలేరు, జతగానో, అరుగుదల ఎక్కువైతే మొత్తం సెట్టుగానో మార్చవలసి వస్తుంది. సెన్సర్లు, రోడ్డును బట్టి తనే సర్దుకునే అడాప్టివ్ సస్పెన్షన్ ఉంటే దాని డ్యాంపర్లు (షాక్ అబ్జార్బర్లు), కూలింగ్ పైపులు, కెమెరాలు, ఏది చెడినా రాణిగంజ్‌లోనో పుత్లీబౌలీలోనో దుకాణాలు తిరిగి సాయంత్రానికి తెచ్చుకునే వస్తువులు కావు. ఆర్డరు పెట్టి ఎదురుచూడాలి. మీరు ఏ మూడు వారాల నుంచి పారిపోతున్నారో అవే మళ్లీ ఎదురవుతాయి, ఈసారి బిల్లు రెట్టింపు. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడకూడదు, అంకుశానికి కూడా డబ్బు దాచుకున్నాకే ఏనుగు దగ్గరికి వెళ్లాలి. మీ 60 లక్షలూ కారు ధరకే సరిపోతే అంకుశానికి ఏమీ మిగలదు. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇదే.

ఆ కారు మీకెప్పటికీ వద్దని చెప్పడం లేదు. ఇంట్లో రెండో వాహనం ఉండి, వారంటీ పొడిగింపు చేతిలో ఉండి, ఏడాదికి కొన్ని లక్షలు కారు కోసమే విడిగా పెట్టగలిగిన రోజున అది గొప్ప కారు. ఆ రోజు ఇంకా రాలేదు.

ఇప్పుడు క్యామ్రీ ఎందుకో చెబుతాను. టొయోటా హైబ్రిడ్ నమ్మకంగా ఉండడానికి కారణం కంపెనీ పేరు కాదు, అందులో చెడిపోవడానికి వీలున్న వస్తువులే తక్కువ. టర్బో లేదు. క్లచ్ ప్లేట్లు లేవు. విడిగా స్టార్టర్ మోటారు లేదు, ఆల్టర్నేటర్ లేదు, వాటి పనులను హైబ్రిడ్ వ్యవస్థే చేసుకుంటుంది. ఇ-సీవీటీ అని పిలిచే గేర్‌బాక్స్‌లో బెల్టు ఉండదు, ఎప్పుడూ ఒకదానితో ఒకటి పెనవేసుకుని తిరిగే ప్లానెటరీ గేర్లు, రెండు మోటార్లు ఉంటాయి. రెండున్నర లీటర్ల ఇంజిన్‌ను పిండి బలం తీయరు, అది తన శక్తిలో కొంత భాగంతోనే రోజులు గడుపుతుంది. ట్రాఫిక్‌లో వేగం తగ్గించేటప్పుడు మోటారే కారును ఆపుతూ బ్యాటరీని నింపుతుంది కాబట్టి బ్రేక్ ప్యాడ్లు ఏళ్ల తరబడి వస్తాయి. మీ టర్బో కారును ఎక్కువగా అలసిపోయేలా చేసే సుచిత్ర, బోయినపల్లి దారే ఈ కారుకు తేలికైన దారి. అక్కడ సగం సేపు ఇంజిన్ ఆగిపోయే ఉంటుంది.

పెద్ద బ్యాటరీ పోతే ఏమవుతుందన్నది అందరి భయం. మన దేశంలో టొయోటా తన హైబ్రిడ్ బ్యాటరీల వారంటీని 2021 ఆగస్టు 1 నుంచి 3 ఏళ్లు లేదా లక్ష కిలోమీటర్ల నుంచి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లకు పెంచింది. నేను ఆ తేదీని పట్టుకుని మాట్లాడుతున్నది అందుకే. 2022లో అమ్ముడైన, 40 వేలో 50 వేలో తిరిగిన కారు తీసుకుంటే, దాని బ్యాటరీకి 2030 దాకా కంపెనీ పూచీ ఉంటుంది. కొనే ముందు ఛాసిస్ నంబరు ఇచ్చి, ఆ వారంటీ ఇంకా అమల్లో ఉందని సర్వీస్ సెంటర్ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి, నోటిమాట మీద ఊరుకోవద్దు. బ్యాటరీకి చల్లగాలి వెళ్లే జాలీ వెనుక సీటు దగ్గర ఉంటుంది. దుమ్ము, వెంట్రుకలు పేరుకుని అది మూసుకుపోతే బ్యాటరీ వేడెక్కుతుంది. వేలు పెట్టి తుడిచి చూడండి, ఆ కారును ఎంత శ్రద్ధగా చూసుకున్నారో అక్కడే తెలుస్తుంది. మామూలు 12 వోల్టుల చిన్న బ్యాటరీ మాత్రం ఇందులోనూ ఉంది, అది డీలా పడితే ఇంత పెద్ద హైబ్రిడ్ కూడా మేల్కొనదు. నాలుగేళ్ల కారైతే కొన్న రోజే దాన్ని మార్చేయండి.

కొత్తది కాకుండా పాతది అనడానికి కారణం డబ్బు ఒక్కటే. కొత్త కారుకు ఎక్స్‌షోరూమ్ ధర మీద తెలంగాణ లైఫ్ ట్యాక్స్ లక్షల్లో కట్టాలి, బీమా, రిజిస్ట్రేషన్ దాని మీద. ఆ సొమ్ము షోరూమ్ గేటు దాటగానే ఎగిరిపోతుంది. తెలంగాణలోనే రిజిస్టరైన పాత కారు కొంటే లైఫ్ ట్యాక్స్ మొదటి యజమాని ఎప్పుడో కట్టేశాడు, మీకు మళ్లీ పడదు. వేరే రాష్ట్రం కారు చవగ్గా వస్తోందని, ముఖ్యంగా ఢిల్లీది, తొందరపడకండి. అక్కడి ఆర్‌టీఓ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం (ఎన్‌ఓసీ), ఇక్కడ మళ్లీ పన్ను, మీరు చూసిన చవక అంతా అందులోనే కరిగిపోతుంది. మరో విషయం, 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ మార్పుతో 1500 సీసీ దాటిన పెట్రోల్ సెడాన్ల మీద సెస్సుతో కలిపి 48 శాతంగా ఉన్న పన్ను 40కి దిగింది, పెద్ద హైబ్రిడ్లకు 43 నుంచి 40కి దిగింది. కొత్తవాటి ధర తగ్గినప్పుడు పాతవాటి ధర కూడా దిగాలి. అమ్మేవాళ్లు ఈ సంగతి మీ ఆక్టేవియాకు బేరం చేసేటప్పుడు గుర్తుపెట్టుకుని, వాళ్ల క్యామ్రీకి చెప్పేటప్పుడు మరచిపోతారు. మీరు గుర్తుచేయండి.

పాత కారులో నేను అన్నిటికంటే ముందు చూసేది నీటి జాడ. 2020 అక్టోబరులో మన హైదరాబాద్, 2023 డిసెంబరులో చెన్నై, 2024 సెప్టెంబరులో విజయవాడ, ఖమ్మం, ఈ వరదల్లో మునిగిన కార్లన్నీ తుక్కు కాలేదు, ఎన్నో కడిగి తుడిచి మళ్లీ బజారుకు వచ్చాయి. హైబ్రిడ్‌లో నీళ్లు దూరితే ఎక్కడ ఏ తీగ తుప్పు పడుతుందో ఏళ్ల తర్వాత గానీ బయటపడదు. సీటు బెల్టును చివరికంటా బయటికి లాగండి. ఎప్పుడూ లోపలే చుట్టుకుని ఉండే ఆఖరి అడుగు మీద మట్టి గీత ఉంటే, ఆ కారు అంత ఎత్తు నీళ్లలో నిలబడిందని అర్థం. ముందు సీటు కింద పట్టాల బోల్టులు, డిక్కీలో స్టెప్నీ గుంత అడుగు, కార్పెట్ వెనుకవైపు నురుగు చూడండి. బీమా క్లెయిముల చరిత్ర అడిగి తీసుకోండి. టైరు పక్కగోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది. 2322 అంటే 2022లో 23వ వారం. మీటరులో 30 వేలు చూపిస్తూ టైర్లు మాత్రం రెండోసారి మార్చినవైతే, మీటరును నమ్మకండి. పెట్రోల్ మూత తెరిచి లోపల అతికించిన చీటీ కూడా చదవండి, ఏ ఆక్టేన్ పెట్రోల్, ఎంత ఇథనాల్ దాకా ఆ కారుకు సమ్మతమో అక్కడ ఉంటుంది. బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసినది కాబట్టి ఆ చీటీకి విలువ పెరిగింది.

కొనే నిర్ణయానికి ముందు మీ నాన్నగారిని ఆ కారులో ఒకసారి డయాలసిస్‌కి తీసుకెళ్లి రండి. అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే అద్దెకు ఒక క్యామ్రీ మాట్లాడుకుని అయినా ఆ పని చేయండి. వచ్చేటప్పుడు వెనుక సీటును మీట నొక్కి వాల్చి పడుకోబెట్టండి. డయాలసిస్ సూదులు గుచ్చే ఫిస్టులా ఏ చేతికి ఉందో చూసి, బెల్టు ఆ భుజం మీద పడని వైపు కూర్చోబెట్టాలి. స్పీడు బ్రేకర్లు దాటేటప్పుడు ఆయన ముఖం అద్దంలో గమనించండి. ఆక్టేవియా ఆర్‌ఎస్ గట్టి సస్పెన్షన్ మీద ఆయన ఇన్నాళ్లూ ఏమీ అనకుండా కూర్చుని ఉండవచ్చు, పెద్దవాళ్లు కొడుకు కారు గురించి ఫిర్యాదు చెయ్యరు. మీ సంగతికి వస్తే, సాఫీగా నడపడంలో కూడా ఒక నైపుణ్యం ఉంది. బ్రేకును ఎంత ముందుగా, ఎంత మెల్లగా తొక్కితే ఆగేలోపు బ్యాటరీలోకి ఎంత ఛార్జ్ వెనక్కి వస్తుందో డాష్‌బోర్డు చూపిస్తుంది. మీలాంటి డ్రైవరు దానిలో పది రోజుల్లో ఆరితేరతారు. అది ఆర్‌ఎస్ ఇచ్చే ఆనందం కాదు, ఆ మాట దాచను. కానీ మీరనుకున్నంత చప్పగా కూడా ఉండదు.

చివరగా, ఆక్టేవియాను వదిలించుకునే పని. తొమ్మిదిన్నర లక్షలకు వెంటనే ఒప్పుకోకండి. ఎక్స్ఛేంజ్ షోరూమ్‌లు దాన్ని ఎనిమిదేళ్ల పాత సెడాన్‌గా చూస్తాయి. పరిమిత సంఖ్యలో వచ్చిన ఆర్‌ఎస్‌గా చూసి కొనేవాళ్లు వేరే ఉంటారు, వాళ్లకు నేరుగా అమ్మితే ఎక్కువ రావచ్చు. వాళ్లు మొదట అడిగేది ఆ రెండు మరమ్మతుల గురించే కాబట్టి బిల్లులన్నీ బయట పెట్టి, జరిగినది జరిగినట్టు చెప్పండి. హౌసింగ్ మారిన కారుకు, మారని కారుకంటే విలువ ఎక్కువని తెలిసినవాళ్లు వాళ్లు. షోరూమ్‌కే ఇవ్వదలిస్తే, ఆ డీలరుకు పాత వాహనాల అధికారపత్రం ఉందో లేదో కనుక్కుని, కారు అప్పగించిన రోజే ఫారం 29సీ ద్వారా ఆర్‌టీఓకు తెలియజేయించండి. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ పద్ధతి వల్ల, అప్పగించిన తర్వాత ఆ కారుతో జరిగే దేనికైనా డీలరే యజమానిగా బాధ్యుడవుతాడు. అది లేకుండా సంతకాలు చేసిన ఖాళీ ఫారం 29, 30లు ఇచ్చి వచ్చేస్తే, ఆరు నెలల తర్వాత ఎవరో చేసిన ప్రమాదానికి మీ పేరు మీద నోటీసు వస్తుంది. బ్యాంకు రుణం ఎప్పుడో తీరినా ఆర్‌సీ మీద హైపోథికేషన్ (బ్యాంకు తాకట్టు నమోదు) కొట్టివేయించారో లేదో చూసుకోండి. పెండింగ్ చలాన్లు కట్టేయండి. ఫాస్టాగ్ మూసేయండి, లేకపోతే ఔటర్ టోలు కొత్త యజమాని తిరిగినంతకాలం మీ ఖాతాలోంచే పోతుంది.

బీమాలో నో క్లెయిమ్ బోనస్ కారుది కాదు, మీది. క్లెయిమ్ లేకుండా ఐదేళ్లు గడిచి ఉంటే అది 50 శాతం దాకా ఉంటుంది. కారు అమ్మిన వెంటనే పాత కంపెనీ నుంచి దాని ధ్రువీకరణ లేఖ తీసుకుని కొత్త పాలసీలో వాడుకోండి, ఆ లేఖ మూడేళ్లు చెల్లుతుంది. కొత్త పాలసీలో ఇంజిన్‌లోకి నీరు వెళ్తే రక్షణ ఇచ్చే యాడ్-ఆన్‌తో పాటు హైబ్రిడ్ వ్యవస్థ, బ్యాటరీ కూడా అందులోకి వస్తాయా అని స్పష్టంగా అడిగి రాయించుకోండి. క్యామ్రీ నేలకు దగ్గరగా ఉండే కారు, వానాకాలంలో అండర్‌పాసుల నీళ్లలోకి దిగకూడదు. కారు ఖరారయ్యాక దాని ఛాసిస్ నంబరు, సర్వీసు చరిత్ర, ఆక్టేవియా 60 వేల దగ్గర డీఎస్‌జీ నూనె మార్పు బిల్లు నాకు పంపితే, డబ్బు కట్టే ముందు ఒకసారి చూసి చెబుతాను.